నమ్మకాలు కలవని క్లయింట్: పని ఒప్పుకోవాలా, వదులుకోవాలా?

రేటు బాగుంది, గడువు సరిపోతుంది, మెయిల్ మర్యాదగా ఉంది. కానీ పని ఇస్తున్న సంస్థ నమ్మేదానికీ మనం నమ్మేదానికీ పొసగదు. అది మతం కావచ్చు, రాజకీయం కావచ్చు, జంతుహింస గురించిన పట్టింపు కావచ్చు. ఉద్యోగంలో ఉంటే ఏ క్లయింట్‌ను తీసుకోవాలో పైవాళ్ళు తేలుస్తారు. ఫ్రీలాన్సర్ మాత్రం ప్రతిసారీ అవుననో కాదనో తానే చెప్పాలి, ఆ మాటకు తానే పూచీ పడాలి.

ఇలాంటప్పుడు ఎక్కువమంది పట్టే దారులు మూడు. ఎవరి పనైనా చేయడం, భావాలు కలిసినవాళ్ళ పనే చేయడం, మనిషిని పక్కనపెట్టి పనిని చూసి తేల్చుకోవడం. నా ఓటు మూడోదానికే. అలాగని మొదటి రెండూ కొట్టిపారేయాల్సినవేమీ కావు.

ఎవరి పనైనా చేద్దాం

ఈ దారికి గౌరవప్రదమైన చరిత్రే ఉంది. ఇంగ్లండ్‌లో కోర్టుల్లో వాదించే బారిస్టర్లకు ‘క్యాబ్ ర్యాంక్’ నియమం ఉంది. కేసు తన నైపుణ్యానికి తగినదై, ఖాళీ ఉండి, తగిన ఫీజు ఇస్తుంటే, క్లయింట్ అభిప్రాయాలు నచ్చలేదని తిరస్కరించకూడదు. భారత బార్ కౌన్సిల్ నియమాలు కూడా తగిన ఫీజుకు వచ్చిన కేసును న్యాయవాది స్వీకరించాలనే చెబుతాయి, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే కాదనడానికి వీలిస్తాయి. దీని వెనక బలమైన కారణం ఉంది. వకీళ్ళు తమకు నచ్చినవాళ్ళనే ఎంచుకుంటూ పోతే, లోకం అసహ్యించుకునే మనిషి తరఫున మాట్లాడేవాడే ఉండడు.

లోగో గీసేవాళ్ళకూ ప్రకటన రాసేవాళ్ళకూ ఆ కారణం వర్తించదు. మనం కాదంటే క్లయింట్‌కు ఇంకొకరు దొరుకుతారు, ఎవరి హక్కూ పోదు. పైగా వకీలు తన క్లయింట్ వాదనను వినిపిస్తున్నాడని కోర్టులో అందరికీ తెలుసు. కాపీరైటర్ రాసిన మాట అలా కాదు, చదివేవాడిని నమ్మించడానికే అది పుడుతుంది. తాను నమ్మనిదాన్ని ఇతరుల చేత నమ్మించే పని వారాల తరబడి చేయడం చాలామందికి సాధ్యం కాదు. చివరికి మొక్కుబడి పని తయారవుతుంది. డబ్బు పూర్తిగా తీసుకుని మనసు పెట్టని పని ఇవ్వడం క్లయింట్‌కు అన్యాయం, అతని నమ్మకాలు ఎలాంటివైనా సరే.

మనవాళ్ళతోనే చేద్దాం

వినడానికి ఇది చాలా హాయిగా ఉంటుంది. ఒకే భావజాలం, ఒకే భాష, వివరించాల్సిన పని లేదు. రాసే ప్రతి వాక్యం మీద ఇష్టం ఉంటుంది కాబట్టి పని కూడా బాగా వస్తుంది. ఒక రంగంలో పేరు తెచ్చుకోవడానికీ ఇది ఉపయోగపడుతుంది.

చిక్కంతా డబ్బు దగ్గర వస్తుంది. భావాలు కలిసినచోట మొహమాటం ఎక్కువ. ‘మన పనే కదా’ అన్న మాటతో రేటు తగ్గుతుంది, ఒప్పుకోని పనులు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి, ఇన్‌వాయిస్ గురించి గుర్తుచేయడం తప్పుగా అనిపిస్తుంది. రాతపూర్వక ఒప్పందం అడిగితే నమ్మకం లేదా అంటారేమోనని ఊరుకుంటాం. అపరిచితుడితో, అందులోనూ భావాలు కలవనివాడితో ఈ బెడద తక్కువ. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి భ్రమలు లేవు కాబట్టి అన్నీ కాగితం మీద పెట్టుకుంటారు. ఇంకో సంగతి, ఒక విషయంలో కలిసినవాళ్ళు మరో విషయంలో విడిపోవడం మామూలే. ఆదాయమంతా ఒక్క గుంపు మీదే ఆధారపడితే, ఆ గుంపులో చీలిక వచ్చిన రోజున పని కూడా ఆగిపోతుంది.

చట్టం సంగతీ ఉంది. మతాన్నిబట్టి సేవ నిరాకరించడం చాలా దేశాల్లో నేరమో, పరిహారం కట్టాల్సిన తప్పో అవుతుంది. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం అలాంటిదే. ఒంటరిగా పనిచేస్తున్నాం కదా, మనకు వర్తించదులే అనుకోకూడదు.

పనిని చూద్దాం

ఉత్తర ఐర్లండ్‌లో 2014లో ఒక బేకరీకి కేకు ఆర్డర్ వచ్చింది. స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదం దాని మీద రాయాలి. క్రైస్తవులైన యజమానులు కాదన్నారు. కింది కోర్టుల్లో ఓడిపోయారు, 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చింది. వాళ్ళ అభ్యంతరం ఆ మనిషి మీద కాదు, ఆ సందేశం మీద. ఎవరు అడిగినా ఆ నినాదం రాసేవారు కాదు అన్నది కోర్టు తేల్చిన విషయం.

నేను పెట్టుకున్న కొలత అదే. ఈ పనినే నాకు నచ్చిన మనిషి అడిగితే చేస్తానా? చేస్తానంటే నా ఇబ్బంది మనిషితోనే అన్నమాట, అప్పుడు పని ఒప్పుకోవడమే ధర్మం. చేయనంటే ఇబ్బంది పనిలోనే ఉంది, కాదనొచ్చు.

ఈ గీత ప్రతిచోటా స్పష్టంగా ఉండదు. అమెరికా సుప్రీంకోర్టు 2023లో, స్వలింగ జంటల పెళ్ళి వెబ్‌సైట్లు చేయనన్న డిజైనర్‌కు అనుకూలంగా 6-3తో తీర్పునిచ్చినప్పుడు, ఇది సందేశాన్ని కాదనడం కాదు, మనుషులనే కాదనడం అని ముగ్గురు న్యాయమూర్తులు గట్టిగా విభేదించారు. వాళ్ళ వాదనలో బలం ఉందనే నాకనిపిస్తుంది. పెళ్ళి తేదీ, వేదిక, ఫొటోలు ఎవరి సైట్‌లోనైనా అవే ఉంటాయి కదా.

అందుకే పని స్వభావాన్ని విడదీసి చూడాలి. దేవుణ్ణి నమ్మని ప్రోగ్రామర్ ఒక మత సంస్థకు విరాళాల పేజీ చేసిపెడితే ఆ మతాన్ని ప్రచారం చేసినట్టు కాదు. లెక్కలు, సర్వర్లు, పేజీల అమరిక, అచ్చుతప్పులు దిద్దడం ఇవన్నీ ఆ కోవలోవే. ప్రసంగం రాసివ్వడం, ప్రచార వాక్యాలు అల్లడం, మరొకరి పేరుతో పుస్తకం రాయడం రెండో కోవ. అక్కడ మాట పుట్టేది మన దగ్గరే.

అనువాదం ఈ రెండింటి మధ్యా నిలుస్తుంది. నాకు నచ్చని వాదాన్ని అనువదించడంలో తప్పులేదు, ఆ మాట ఎవరిదో పాఠకుడికి తెలుసు. కానీ నచ్చనిచోట ఘాటు తగ్గించడం, ఒక విశేషణం జారవిడవడం దారుణం. ఒకేసారి రచయితనూ పాఠకుణ్ణీ మోసం చేసినట్టవుతుంది. ఉన్నదున్నట్టు దించలేమనిపిస్తే ఆ పని ముట్టుకోకపోవడం మంచిది. అందుకే మొత్తం మూలం చూడకుండా, రెండు పేజీల నమూనాతో ఒప్పుకోవద్దు.

ఎప్పుడు చెప్పాలి, ఏం చెప్పాలి

అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు, ఈ వృత్తిలో అది అక్షరాలా నిజం. అడ్వాన్స్ తీసుకోకముందే చెప్పాలి. ‘ఇప్పుడు తీరిక లేదు’ అని అబద్ధం చెబితే, వచ్చే నెల చేయండి అంటారు. ‘ఈ విషయం మీద నేను ప్రచార రచన చేయను, మిగతా పనులుంటే చెప్పండి’ అంటే చాలు. వాళ్ళ నమ్మకం ఎందుకు తప్పో వివరించబోకండి, వాళ్ళు అడిగింది కొటేషన్ మాత్రమే.

ఇంటద్దె కట్టాల్సిన నెలలో ఈ ఎంపికలన్నీ అందరికీ ఉండవు. అలాంటప్పుడు మొదటి కోవ పనులు ఎవరివైనా ఒప్పుకుని, సొంతంగా నమ్మించే మాటలు రాయాల్సిన పని ఒక్కటే వదులుకోగలిగితే అదే చాలా ఎక్కువ. ఒప్పందంలో రెండు వాక్యాలు మాత్రం తప్పక పెట్టుకోవాలి: నా పేరు అడగకుండా వాడకూడదు, మధ్యలో ఎవరు తప్పుకున్నా జరిగినంత పనికి డబ్బు, తయారైన ఫైళ్ళు అటూ ఇటూ అందాలి.

సగం దారిలో బ్రీఫ్ (ఏం చేయాలో క్లయింట్ ఇచ్చిన వివరణ) మారి, ఒప్పుకోని సందేశం వచ్చిపడితే ఆ రెండో వాక్యమే ఆదుకుంటుంది. గడువు మరీ దగ్గరపడితే మాత్రం, ముందే ఒప్పుకున్న భాగాన్ని ఒప్పుకున్నట్టే పూర్తిచేసి ఇచ్చి, కొత్తగా చేరినదానికి వేరొకరిని చూసుకోమనాలి, మిగిలిన అడ్వాన్స్ ఆ రోజే తిరిగి పంపేయాలి.