అద్దె కడుతూ సొంతం చేసుకున్న సర్వర్: గడువు తీరాక వచ్చే బిల్లే అసలు లెక్క

భీమవరంలో మేం రొయ్యల మేత డీలర్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతాం. ఏ రైతుకి ఎన్ని బస్తాలు అరువు వెళ్లాయి, పట్టుబడి అయ్యాక ఎంత జమ పడింది, ఇంకా ఎంత బాకీ ఉంది, అంతా ఒక్క డేటాబేస్‌లోనే. దానికోసం హైదరాబాద్ డేటా సెంటర్‌లో పూర్తిగా మా ఒక్కరికే కేటాయించిన ఒక డెడికేటెడ్ సర్వర్‌ని రెంట్ టు ఓన్ పద్ధతిలో తీసుకున్నాం. రెండేళ్లు మామూలు అద్దె కంటే ఎక్కువ కట్టాలి, తర్వాత యంత్రం మనది. అప్పట్నుంచి దాన్ని ర్యాకులో ఉంచినందుకు కొలొకేషన్ ఛార్జీ కడితే చాలు. గడువు తీరి యంత్రం మా పేరుకు వచ్చాక కూడా చాలాకాలంగా వాడుతున్నాం కాబట్టి రెండు దశల గురించీ చెప్పగలను.

పని నిలకడగా ఉండి, అదే యంత్రాన్ని ఐదేళ్లు వాడే ఉద్దేశం ఉన్నవాళ్లకే ఇది గిట్టుబాటు. అమ్మేవాళ్లు నెల వాయిదా చూపిస్తారు. మనం చూడాల్సింది ఆ తర్వాతి కొలొకేషన్ రేటు. ఒక లెక్క వేసి చూడండి. మామూలు అద్దె నెలకు 12,000, రెంట్ టు ఓన్ 17,000 అనుకుందాం. 24 నెలల్లో అదనంగా కట్టేది 1,20,000. తర్వాత కొలొకేషన్ 6,000 అయితే నెలకు 6,000 మిగులుతుంది, ఆ అదనం తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. అంటే 44వ నెల దాటాకే లాభం మొదలు. అదే కొలొకేషన్ 9,000 అయిందంటే 64 నెలలు ఆగాలి. ఈలోగా మామూలు అద్దెకు ఉన్నవాడు అదే డబ్బుకి కొత్త తరం యంత్రానికి మారిపోయి ఉంటాడు. అందుకే గడువు తీరాక రేటెంత, ఎన్నేళ్లు మారదు అన్నది ఒప్పందంలో రాసి ఉండకపోతే సంతకం పెట్టొద్దండి. దీనిపై 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు క్రెడిట్ తీసుకోవచ్చు, లేనివాళ్లకు అది ఖర్చే.

మాది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్630, రెండు జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు. 2016 నాటి తరం. ఒక్కోదానికి 14 కోర్లు, మా డేటాబేస్‌కి ఇప్పటికీ ఎక్కడా తక్కువ కాలేదు. పనితనంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఒక్కో ప్రాసెసర్ రేటింగే 120 వాట్లు. యంత్రం మొత్తం సగటున 200 వాట్లు లాగినా నెలకు 144 యూనిట్లు. కొలొకేషన్‌లో కరెంటుని బట్టే రేటు పెరుగుతుంది. పాత యంత్రం చవగ్గా వస్తుంది గానీ ఆ చవకంతా అక్కడ కరుగుతుంది.

సొంతం కావడం అంటే ఏమిటో నాకు బాగా తెలిసింది డిస్క్ పోయినప్పుడు. అద్దె దశలో ఏది పాడైనా వాళ్లే మార్చేవారు, మాకు పైసా పడలేదు. మాదయ్యాక రెండు ఎస్‌ఎస్‌డీల్లో ఒకటి చచ్చింది. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే రెయిడ్ 1 ఉండబట్టి డీలర్ల పని ఆగలేదు. కొత్త డిస్క్ కొని కొరియర్లో పంపాం, దాన్ని బిగించినందుకు డేటా సెంటర్ సిబ్బంది పనికి వేసే రిమోట్ హ్యాండ్స్ బిల్లు విడిగా వచ్చింది. అందుకే తీసుకునేరోజే డిస్కులు తమ వాడకం గురించి రాసి ఉంచుకునే స్మార్ట్ వివరాలు అడగండి. పవర్ ఆన్ అవర్స్ (నడిచిన గంటలు) 30,000 ఉంటే అది అప్పటికే దాదాపు మూడున్నరేళ్లు తిరిగిన డిస్క్. అలాంటిది మనదయ్యే నాటికి ఏం మిగులుతుంది? సర్వర్‌ని దూరం నుంచి చూసుకునే డెల్ ఏర్పాటు ఐడ్రాక్‌కి ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఆర్630లో వర్చువల్ కన్సోల్ రాదు, సర్వర్ బూట్ కాకపోతే ఇక్కణ్ణుంచి తెర కూడా చూడలేం. హెచ్‌పీ ప్రోలయంట్ ఇస్తామంటే ఫర్మ్‌వేర్ సంగతి అడగండి. 2014 నుంచి వాటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వచ్చే సర్వీస్ ప్యాక్‌కి వారంటీ గానీ సపోర్ట్ ఒప్పందం గానీ కావాలి.

ఐపీ అడ్రసులు మనవి కావు. యంత్రాన్ని వేరే చోటికి మారిస్తే అవి పాత కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. డొమైన్, ఆ పేరుని ఐపీ అడ్రసుకి కలిపే డీఎన్‌ఎస్ మన చేతిలో ఉంటే ఆ మార్పు ఒక పూట పని.

"అన్నయ్యా, మనదే కదా, ఇంటికి తెచ్చేసుకుంటే ఆ కొలొకేషన్ డబ్బులు మిగలవా?" అన్నాడు మా తమ్ముడు. ర్యాకులో ఒక్క అర ఎత్తే ఉండే ఇలాంటి సన్నటి సర్వర్ ఫ్యాన్ల మోతకి పక్క గదిలో కూడా కూర్చోలేం. ఇక మన ఉప్పుగాలి, ఉక్కపోత, కరెంటు కోతలు సరేసరి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతున్నప్పుడు ఆ ప్రశ్నకి జవాబు దొరికేసింది. యంత్రం హైదరాబాద్‌లో ఉండబట్టి డీలర్ల లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. కాబట్టి డెల్టాలో ఉండేవాళ్లు కొలొకేషన్ ఖర్చు తప్పుతుందన్న ఆశతో ఈ పద్ధతికి వెళ్లకండి.

కాగితాల విషయంలో నేను పట్టుబట్టేవి రెండు. మొదటి ఒప్పందంలోనే యంత్రాన్ని గుర్తించే సర్వీస్ ట్యాగ్ నంబర్ ఉండాలి, చివరి వాయిదా అయ్యాక అదే నంబర్‌తో అమ్మకం ఇన్వాయిస్ రావాలి. చివరి వాయిదా దాకా యంత్రం వాళ్ల ఆస్తే. మధ్యలో ఆ కంపెనీ మూతపడితే మనం కట్టిన అదనానికి పూచీ ఎవరూ ఉండరు. అందుకే రెండేళ్లకు మించిన గడువు నేను ఒప్పుకోను.

ఇప్పుడు బ్యాకప్‌కి రెండో సర్వర్ కావాలి. దాని పని ఎంత పెరుగుతుందో తెలియదు గనుక మామూలు అద్దెకే తీసుకుంటున్నాం. ప్రధాన సర్వర్‌ని మార్చేరోజు వస్తే మాత్రం మళ్లీ రెంట్ టు ఓనే అడుగుతాను, కొత్త డిస్కులతో, మూడేళ్ల కొలొకేషన్ రేటు రాసిచ్చేవాళ్ల దగ్గర.