నీళ్లు పడని బోరుకు నాలుగు స్టార్లు

నల్లగొండ జిల్లా చండూరు వైపు మాకున్న నాలుగెకరాల బత్తాయి తోటలో మూడేళ్ల తేడాతో రెండు బోర్లు వేయించాను. మొదటి దానిలో 210 అడుగుల దగ్గరే నీళ్లు పడ్డాయి. రెండోది 620 అడుగులు పోయినా దుమ్ము తప్ప చుక్క రాలేదు. అయినా రెండో బోరు బండి వాళ్లకు ఐదింటికి నాలుగు స్టార్లు, మొదటి వాళ్లకు ఒక్కటే ఇస్తున్నాను.

మొదటిసారి నీళ్ల జాడ చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే పెద్దమనిషిని పిలిచాం. తోట ఈశాన్య మూలన కాయ నిలబడింది, అక్కడ రాయి పాతాం. బోరు బండి రాత్రి పదింటికి వచ్చి తెల్లవారకముందే వెళ్లిపోయింది. ఎన్ని రాడ్లు దించారో వాళ్లు చెప్పిందే లెక్క. పైమట్టి లోపలికి జారకుండా దించే కేసింగ్ పైపును 40 అడుగులకే ఆపి గట్టి రాయి తగిలిందన్నారు కాని, ఆ కింద ఇంకా మొరం ఉందన్న సంగతి రెండో వానాకాలం దాటాక తెలిసింది. మట్టి జారి మోటరు లోపలే ఇరుక్కుపోతే దాన్ని బయటికి లాగించడానికే 18,000 రూపాయలయ్యాయి. కాలం కలిసొస్తే నడిచొచ్చే కొడుకు పుట్టినట్టు నీళ్లు పడ్డ ఆ రెండేళ్లూ మాత్రం నేనే ఆ బండి వాళ్లను ఊరంతా పొగిడాను. నా మాట నమ్మి వేయించుకున్న నలుగురిలో ఇద్దరి బోర్లు ఫెయిలయ్యాయి.

మా నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాయి తనలో నీటిని దాచుకోదు; పైనున్న మొరంలోనూ, రాతి పగుళ్లలోనూ ఉన్నవే మనకు దక్కే నీళ్లు, పైగా లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. అందుకే పది గజాల దూరంలో ఒక బోరు పోస్తుంది, ఇంకొకటి ఎండిపోతుంది. మనుషులకన్నా బోర్లే ఎక్కువని పేరుపడ్డ ముషంపల్లి మాకు దూరమేమీ కాదు.

ఈ భయంతోనే రెండోసారి 3,000 రూపాయలిచ్చి భూగర్భ నీటి సర్వే చేయించాను. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరుసలో పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. తడిసిన మొరం కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టి రాయి అడ్డుకుంటుంది. మొరం ఎంత మందాన ఉందో దీనితో బాగానే తెలుస్తుంది కాని, 300 అడుగుల కింద ఉన్న వేలెడంత పగులు దీనికి అందదు. ఈ మాట సర్వే చేసినాయనే ముందుగా చెప్పి, రెండు పాయింట్లు గుర్తుపెట్టి, మొదటి పాయింటులో 400 అడుగుల దాకా చూసి రాకపోతే ఆపేయమని కాగితం మీద రాసిచ్చారు.

రెండో బండి వాళ్లు రాకముందే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి తీసుకున్నారా అని అడిగారు. మొదటి వాళ్లకు ఆ ఊసే లేదు. అడుగు ధర 300 దాకా 95 రూపాయలు, ఆపైన ప్రతి వందకూ పది పెరుగుతుందని ముందే రాసిచ్చారు. 20 అడుగుల రాడ్డు దిగినప్పుడల్లా బండి తలుపు మీద సుద్దముక్కతో గీత గీసి నాకు చూపించారు, ప్రతి రాడ్డుకూ పైకొచ్చిన పొడిని వరుసగా కుప్పలు పోశారు. అసలు రాయి తగిలేదాకా, అంటే 60 అడుగులు, కేసింగ్ దించారు. 400 దగ్గర డ్రిల్లరు హ్యామర్ ఆపి, "అన్నా, ఇగ అంతా నల్లరాయే ఉన్నది, పైసలు దండుగైతయి, ఆపుదామా?" అని అడిగాడు. కిందికి పోయిన ప్రతి అడుగుకూ ఆ బండికి డబ్బే కదా! నేనే వినలేదు, ఇంకో రాడ్డు, ఇంకో రాడ్డు అంటూ 220 అడుగులు తవ్వించాను. కేసింగ్ ఖర్చుతో కలిపి మొత్తం 89,700 రూపాయల బిల్లులో 26,700 నా మొండితనం ఖరీదు, దాన్ని అదృష్టం ఖాతాలో వేయలేను.

ఫెయిలైన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వీళ్లు నాచేత ట్రాక్టరు మట్టి తెప్పించి, గుంత నిండాకే బండి కదిలించారు. ఒక స్టారు తగ్గించింది రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకూ, బండి వెనక్కి తిప్పేటప్పుడు కాపు మీదున్న చెట్ల కొమ్మలు విరిచినందుకూ. నీళ్లు పడనందుకు ఏమీ తగ్గించలేదు.

బోరు బండ్ల మీద జనం పెట్టే సమీక్షలు చూస్తే, గంగమ్మ పొంగితే ఐదు, పొంగకపోతే ఒకటి. ఆ అంకెలు వాళ్ల పొలం కింది పగుళ్ల సంగతి చెబుతాయే గాని బండి సంగతి చెప్పవు. బండి కోసం వెతికేవాళ్లు కేసింగ్ ఎక్కడిదాకా దించారు, రాడ్లు ఎవరు లెక్కపెట్టారు అని అడగండి.

సర్వేలో చూపిన రెండో పాయింటు ఇంకా మిగిలే ఉంది. ఈ ఎండాకాలం దానికోసం ఆ బండి వాళ్లకే ఫోన్ చేశాను. 400 అడుగుల దగ్గర నేను పోనివ్వమన్నా సరే బండి ఆపాలని ఈసారి ధరల కాగితం మీదే రాయించుకున్నాను.