ఫ్రీరెగ్: పాత చర్చి రిజిస్టర్లలో మా అత్తగారి పూర్వీకుడు దొరికిన చోటు

మా అత్తగారి వాళ్ళది తరతరాలుగా ఇంగ్లాండులోని నార్ఫోక్ కౌంటీ పల్లెలే. నేను పెళ్ళయ్యాక ఈ నార్విచ్ వచ్చాను. ఆవిడకు చాలా ఏళ్ళుగా ఒక కోరిక ఉండేది. తన తాతగారి ముత్తాతను ఎక్కడ భూస్థాపన చేశారో తెలుసుకోవాలని. ఆయన వ్యవసాయ కూలీ. ఆఖరి బిడ్డ బాప్తిస్మం నమోదులో ఆయన పేరుంది. 1841 జనాభా లెక్కలకు వచ్చేసరికి ఆ ఇంట్లో భార్యా పిల్లలే కనిపిస్తారు, ఆయన లేడు. ఇంగ్లాండులో ప్రభుత్వం మరణాలను నమోదు చేయడం మొదలైంది 1837 జులై 1న. అంతకుముందు పోయినవాళ్ళకు డెత్ సర్టిఫికెట్ ఉండదు, చర్చి రిజిస్టరే దిక్కు. సమాధి మీద రాయి వేయించే స్తోమత కూలివాళ్ళకు ఎక్కడిది?

ముందు డబ్బు కట్టే ఒక సైటులో వెతికాం. దేశం మొత్తం మీద ఆ పేరున్న వాళ్ళందరినీ కుప్పగా చూపించింది. అందులో ఎవరో పెట్టిన వంశవృక్షంలో మా ఆయన పూర్వీకుడు లండన్‌లో పోయినట్టు రాసుంది. ఆధారం ఒక్కటీ లేదు. అత్తగారు దాన్ని చూసి చాలా బాధపడ్డారు.

ఫ్రీరెగ్ అనే వెబ్‌సైటు అలాంటిది కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది. వాలంటీర్లు పాత రిజిస్టర్లు చదివి, బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన వివరాలను ఒక్కొక్కటిగా టైప్ చేసి పెడతారు. వెతకడానికి రూపాయి కట్టక్కర్లేదు, అకౌంట్ కూడా అక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళను కలిపి వెతికే సదుపాయం. నార్ఫోక్‌లో మధ్యయుగాల నాటి చర్చిలే 600కు పైగా ఉన్నాయి. పారిష్‌లు, అంటే ఒక్కో చర్చి కిందకు వచ్చే ప్రాంతాలు, అంత చిన్నవి, ఒక ఊరి గోపురం దగ్గర నిలబడితే ఇంకో రెండు మూడు కనిపిస్తాయి. కూలివాడు ఒక ఊళ్ళో కాపురముండి, పక్క ఊళ్ళో పనిచేసి, భార్య పుట్టిన ఊళ్ళో సమాధి అయి ఉండొచ్చు. అందుకని కౌంటీ ఎంచుకుని, ఊరి పేరు ఇచ్చి, దగ్గరి ఊళ్ళను కూడా చేర్చమని టిక్ పెట్టాలి. దాంతోపాటు ఉచ్చారణ దగ్గరగా ఉండే పేర్లను కూడా చూపించే సౌండెక్స్ కూడా పెట్టండి. చదువురాని కూలి తన పేరు స్పెల్లింగ్ చెప్పలేడు కదా, పాదిరి తన చెవికి వినిపించినట్టు రాసుకునేవాడు. మా వాళ్ళ ఇంటిపేరు చివరి అక్షరం ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

అలా వెతికితే పక్క పారిష్‌లో తేలాడు. 1813 నుంచి భూస్థాపనలకు అచ్చేసిన రిజిస్టర్లు వచ్చాయి. వాటిలో పేరు, నివాసం, తేదీ, వయసు, ప్రార్థన చేసిన పాదిరి సంతకం ఉంటాయి. నివాసం గడిలో మా వాళ్ళ ఊరి పేరే ఉంది, వయసూ సరిపోయింది. అదే పేరుతో ఇంకో మనిషి ఉన్నాడేమో అని ఆ చుట్టుపక్కల నమోదులన్నీ చూశాకే అత్తగారికి చెప్పాను. ఆవిడ వెంటనే కోటు వేసుకుని, 'పద, అసలు పుస్తకం చూద్దాం' అన్నారు.

ఎందుకంటే ఫ్రీరెగ్‌లో మీకు దొరికేది టైప్ చేసిన పాఠమే, అసలు పేజీ బొమ్మ కాదు. దానికి పాత పత్రాలు భద్రపరిచే రికార్డ్ ఆఫీసుకు వెళ్ళొచ్చు. మేం నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో చూసి నిర్ధారించుకున్నాం. చర్చి ఆవరణలో ఏ మూల పాతిపెట్టారన్నది రిజిస్టరులో ఉండదు, అది ఏ సైటూ చెప్పలేదు. ఇంకా, అన్ని పారిష్‌లూ ఇందులో లేవు. ఏ ఊరికి ఏ ఏళ్ళ నమోదులు ఎక్కించారో చూపించే పేజీ ఉంది. 'దొరకలేదు' అని వదిలేసే ముందు దాన్ని తప్పకుండా చూడండి. తన దగ్గర లేనిదాన్ని ఇంత స్పష్టంగా చెప్పే సైటు నేను చూడలేదు. నమోదు ఎక్కడి నుంచి తీసుకున్నారో కూడా రాస్తారు: అసలు పారిష్ రిజిస్టరా, బిషప్‌కు ఏటా పంపిన నకలా అని. అసలు పుస్తకం పురుగులు తిన్నా, తడిసిపోయినా, నకలు మిగిలి ఉండొచ్చు.

1813కి ముందు వాళ్ళ కోసం వెతికేవాళ్ళకు ఓపిక ఇంకాస్త కావాలి. చాలా చోట్ల పేరు, తేదీ తప్ప ఏమీ ఉండవు. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ఫిబ్రవరిలో పోయిన మనిషి మన లెక్కకు ఒక ఏడాది వెనక కనిపిస్తాడు. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు 3 పెన్నీల పన్ను ఉండేది, నిరుపేదలకు మినహాయింపు. ఆ ఏళ్ళలో పేరు పక్కన 'పి' అనే అక్షరం కనిపిస్తే 'పాపర్', అంటే నిరుపేద అని అర్థం.

ఇప్పుడు అత్తగారు ఆయన భార్య కోసం వెతుకుతున్నారు. ఆవిడ పోయేనాటికి ఉన్న పారిష్ ఫ్రీరెగ్‌లో ఇంకా పూర్తిగా ఎక్కలేదు. రికార్డ్ ఆఫీసులో మైక్రోఫిల్మ్ తిప్పుకుంటూ కూర్చోవాలి.