పొగ నియంత్రణ ప్రాంతంలో కట్టెల పొయ్యి: 4 కిలోవాట్ల స్టవ్‌ను చాలాకాలం వాడిన తర్వాత

ఇంగ్లండ్‌లో స్మోక్ కంట్రోల్ ఏరియాలో ఉన్న ఇంటికి కట్టెల స్టవ్ కొంటున్నవాళ్లకు మొదట చెప్పాల్సింది సైజు గురించే. షోరూంలో చూపించే దానికంటే చిన్నది తీసుకోండి. ఎమిషన్ లేబుళ్లు, గాజు తలుపు అందం, రంగు అన్నీ ఆ తర్వాతి సంగతి. ఈ సమీక్ష కొన్ని శీతాకాలాలుగా వాడకంలో ఉన్న 4 కిలోవాట్ల స్టీలు స్టవ్ గురించి. పాత టెరేస్ ఇల్లు (పక్క ఇళ్లతో గోడలు కలిసి వరుసగా కట్టింది), ఇటుక చిమ్నీ, అందులో 125 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్, అంటే పొగ పోయే గొట్టం. బ్రాండు పేరు రాయడం లేదు. ఈ తరగతి స్టవ్‌లన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, పొగ వస్తుందా రాదా అన్నది సైజు, కట్టె, రాజేసే పద్ధతి తేలుస్తాయి.

లేబుళ్ల గొడవ ముందు తేల్చుకుందాం, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు తర్వాత 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1993 నాటి చట్టం. లండన్‌లో చాలా భాగం, ఇంకా ఎన్నో పెద్ద ఊళ్లు దీని కింద పొగ నియంత్రణ ప్రాంతాలే. అక్కడ మామూలు ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు కాల్చకూడదు. కట్టెలే కాల్చాలంటే డెఫ్రా (ప్రభుత్వ పర్యావరణ శాఖ) మినహాయింపు జాబితాలో ఉన్న స్టవ్ కావాలి. ఎకోడిజైన్ అనే తయారీ ప్రమాణం వేరే సంగతి: 2022 జనవరి 1 నుంచి అమ్మే కొత్త స్టవ్‌లన్నీ దాన్ని పాటించాల్సిందే. మూసిన తలుపుతో కట్టెలు కాల్చే స్టవ్‌కు అందులో ధూళికణాల పరిమితి, 13 శాతం ఆక్సిజన్ లెక్కన, ఘనపు మీటరుకు 40 మిల్లీగ్రాములు.

ఎకోడిజైన్ స్టిక్కర్ ఉన్నంత మాత్రాన పొగ నియంత్రణ ప్రాంతంలో వాడొచ్చని కాదు. ఎకోడిజైన్ కొలత స్టవ్ తన పూర్తి సామర్థ్యంతో మండుతున్నప్పటిది. డెఫ్రా మినహాయింపు పరీక్షలో మంట తగ్గించినప్పుడు వచ్చే పొగను కూడా తూస్తారు. పరిమితి గంటకు 5 గ్రాములు, దానిపైన ప్రతి 0.3 కిలోవాట్‌కు 0.1 గ్రాము. అంటే 4 కిలోవాట్ల స్టవ్‌కు గంటకు సుమారు 6.3 గ్రాములు. ఇంట్లో స్టవ్ ఎక్కువసేపు ఉండేది తగ్గించిన మంట మీదే కాబట్టి నా లెక్కలో ఈ రెండో పరీక్షకే విలువ ఎక్కువ. స్టవ్‌లు వదిలే పొగను బట్టి క్లియర్‌స్కైస్ అనే లేబుల్ పథకం 1 నుంచి 5 దాకా ఇచ్చే స్థాయిలు పోల్చుకోవడానికి బాగుంటాయి. అయినా కొనేముందు డెఫ్రా జాబితాలో సరిగ్గా ఆ మోడల్ పేరే, చివరి అక్షరాలతో సహా, ఉందో లేదో చూడాలి. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతారు, మినహాయింపు ఒకదానికే ఉంటుంది.

జాబితాలో మోడల్ పేరు పక్కన షరతులు కూడా ఉంటాయి. చాలా స్టవ్‌లకు ఉండే షరతు, పైగాలి మీట (మంటకు పైనుంచి వచ్చే గాలిని పెంచి తగ్గించేది) పూర్తిగా మూసుకోకుండా ఒక అడ్డు బిగించి ఉండాలని. అది చిన్న స్క్రూ లేదా రేకు ముక్క. సెకండ్‌హ్యాండ్ స్టవ్‌లో దాన్ని తీసేసి ఉంటే కాగితం మీద మినహాయింపు ఉన్నా చేతిలో ఉన్నది ఆ స్టవ్ కాదు. మీటను పూర్తిగా మూసే వైపు జరిపి చూడండి, చివరిదాకా వెళ్లకుండా ఆగాలి. ఇంగ్లండ్‌లో చిమ్నీ నుంచి పొగ వస్తే కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల వరకు జరిమానా వేయగలదు. మినహాయింపు లేని పొయ్యిలో వాడడానికి అనుమతి లేని ఇంధనం కొంటే 1,000 పౌండ్ల దాకా పోతుంది.

ఇక సైజు. గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి, గోడల ఇన్సులేషన్ ఓ మోస్తరుగా ఉంటే 14తో, అసలు లేకపోతే 10తో, కొత్త ఇల్లయితే 25తో భాగించండి. 5 మీటర్లు, 4 మీటర్లు, 2.4 మీటర్ల గది 48 ఘనపు మీటర్లు. 14తో భాగిస్తే 3.4 కిలోవాట్లు, 10తో భాగిస్తే 4.8. అలాంటి గదికి 7, 8 కిలోవాట్లది అంటగట్టడం మామూలే. "అవసరమైతే తగ్గించుకోవచ్చు కదా" అంటారు. తగ్గించుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఉక్క భరించలేక గాలి మూసేస్తే మంట చచ్చి కట్టె కుములుతుంది. మండని వాయువులు పొగగా బయటికి పోతాయి, కొంత తారులా లైనర్ లోపల అంటుకుంటుంది, గాజు నల్లబడుతుంది. చిన్న స్టవ్‌ను నిండు మంటతో నడిపితే ఇవేవీ ఉండవు. 4 కిలోవాట్లది ఆ గదిని డిసెంబరు రాత్రి కూడా వెచ్చగా ఉంచుతుంది. గట్టిగా గడ్డకట్టే నాలుగైదు రోజులు మాత్రం మొదటి గంట ఓపిక పట్టాలి.

5 కిలోవాట్లు దాటని స్టవ్‌కు ఇంకో సుఖం ఉంది. పాత, గాలి చొరబడే ఇళ్లలో ప్రత్యేకంగా గోడకు గాలి రంధ్రం పెట్టనక్కర్లేదు. 5 దాటితే ప్రతి అదనపు కిలోవాట్‌కు 550 చదరపు మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. గాలి చొరబడకుండా కట్టిన కొత్త ఇళ్లకు ఈ సడలింపు లేదు, మొదటి కిలోవాట్ నుంచే లెక్క. వాళ్లు బయటి గాలిని నేరుగా పైపుతో తీసుకునే మోడల్ చూసుకోవడం మేలు. వంటగది, హాలు కలిసే ఇల్లయితే వంటగదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్ వేసి చూడండి: స్టవ్ తలుపు తీయగానే పొగ గదిలోకి తిరగబడితే ఫ్యాన్ గాలిని వెనక్కి లాగుతున్నట్టు.

లైనర్ విషయంలో పిసినారితనం వద్దు. కట్టెలు మాత్రమే కాల్చేవాళ్లకు 316 గ్రేడు చాలు, స్మోక్‌లెస్ బొగ్గు కూడా వాడే ఆలోచన ఉంటే 904. మినహాయింపు ఉన్న స్టవ్‌లకు 125 మిల్లీమీటర్లు సరిపోతుంది, మామూలువాటికి 150 కావాలి. చిమ్నీ బయటి గోడ మీద ఉంటే లైనర్ చుట్టూ ఇన్సులేషన్ వేయించండి. చల్లటి లైనర్‌లో పొగ పైకి లేవదు, లేచినంత మేరా చల్లబడి తారుగా మారుతుంది. బిగింపు హెటాస్‌లో (ఇలాంటి పొయ్యిలు బిగించేవాళ్లను నమోదు చేసే సంస్థ) నమోదైనవాళ్లతో చేయిస్తే సర్టిఫికెట్ వాళ్లే ఇస్తారు, కౌన్సిల్‌కు విడిగా దరఖాస్తు పెట్టే పని ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి: సీలింగుకు బిగిస్తే గోడ నుంచి కనీసం 30 సెంటీమీటర్లు, స్టవ్ నుంచి 1 నుంచి 3 మీటర్ల దూరం.

కట్టె దగ్గరికి వద్దాం. అసలు కథంతా ఇక్కడే. 2021 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో 2 ఘనపు మీటర్లలోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదు, "రెడీ టు బర్న్" గుర్తు ఉండాలి. గుర్తు చూసి ఊరుకోకండి. సూదుల తేమ మీటరు కొనండి, పెద్ద ఖర్చు కాదు. కట్టె పైన, చివర్న గుచ్చితే అబద్ధం చెబుతుంది. కట్టెను మధ్యకు చీల్చి, అప్పుడే తెరుచుకున్న ముఖం మీద, కట్టె నారలు సాగే దిశలో గుచ్చాలి. 15 నుంచి 20 మధ్య ఉంటే బంగారం. 25 వస్తే మళ్లీ షెడ్డుకు. మరీ ఎండినా మంచిది కాదు: 10 శాతానికి దిగిన సన్న కట్టె ఒక్కసారిగా భగ్గుమంటుంది, స్టవ్ ఇచ్చే గాలి దానికి చాలదు, నల్లపొగ వస్తుంది. ఈ సంగతి అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

ఎండబెట్టి అమ్మిన కట్టె కూడా వర్షంలో, ప్లాస్టిక్ పరదా కింద ఉంటే మళ్లీ చెమ్మ పడుతుంది. పైన కప్పు, పక్కలు తెరిచి, నేల నుంచి కాస్త ఎత్తున పేర్చాలి. ఆష్ అనే చెట్టు కట్టె అన్నిటికన్నా సౌకర్యం. బర్చ్ త్వరగా, అందంగా మండుతుంది, కానీ తొందరగా అయిపోతుంది. ఓక్ నిదానం, అది పచ్చిగా దొరికితే రెండేళ్లు మరిచిపోవాలి. ఈ స్టవ్‌కు 25 సెంటీమీటర్ల పొడవు, మణికట్టుకన్నా కాస్త లావు ముక్కలు సరిగ్గా సరిపోతాయి. రంగు, వార్నిష్ ఉన్న చెక్క, ఎండీఎఫ్, "ఎంబీ" ముద్ర (మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని గుర్తు) ఉన్న ప్యాలెట్లు ఎప్పుడూ వద్దు. భోగి మంటలో పాత కుర్చీ వేసే అలవాటును ఈ పొయ్యి దగ్గరికి తేకండి.

ఖర్చు లెక్క కట్టాలంటే: 20 శాతం తేమ ఉన్న కట్టె కిలోకు సుమారు 4.1 కిలోవాట్ గంటల వేడి ఇస్తుంది. స్టవ్ సామర్థ్యం 78 శాతం అనుకుంటే 4 కిలోవాట్లకు గంటకు కిలోంబావు కట్టె. సాయంత్రం నాలుగు గంటలు కాలిస్తే 5 కిలోలు. కొనే కట్టె ధరను కిలోల్లోకి మార్చి గ్యాస్ బిల్లుతో పోల్చుకోండి, చాలామందికి కట్టె చవక కాదని తేలుతుంది. ఊళ్లో కట్టె ఉచితంగా దొరికి, ఎండబెట్టుకునే చోటు ఉన్నవాళ్ల సంగతి వేరు.

రాజేయడం పైనుంచి కిందికి. అడుగున వేలెడు మందం బూడిద ఉండనివ్వండి, కట్టె బూడిద పరుపు మీదే బాగా కాలుతుంది. దాని మీద రెండు చీలిన కట్టెలు పక్కపక్కనే, మధ్యలో సందు వదిలి. వాటిపైన అడ్డదిడ్డంగా ఎనిమిది పది ఎండు చితుకులు, ఆ చితుకుల మధ్య, పైవరసలో, ఉన్నిలాంటి చెక్క ఫైర్‌లైటర్ ఒకటి. కింద గాలి, పైగాలి రెండూ పూర్తిగా తెరవాలి. స్టవ్ పుస్తకంలో ఒప్పుకుంటే తలుపు కొద్దిగా, రెండు మూడు నిమిషాలు, ఓరగా ఉంచొచ్చు. మంట పైన ఉంటుంది కాబట్టి కింది కట్టె నుంచి లేచే వాయువులు ఆ మంటలోంచే పోయి కాలిపోతాయి. కింద రాజేస్తే అవే వాయువులు చల్లటి కట్టెల మధ్య నుంచి పొగగా లేస్తాయి. మనవాళ్లకు కింద నిప్పు పెట్టి ఊదుగొట్టంతో ఊదడం చేతికొచ్చిన పని, ఈ తలకిందుల పద్ధతి నమ్మబుద్ధి కాదు. రెండు పద్ధతులూ ఒక్కోసారి చేసి బయటికి వెళ్లి చిమ్నీ చూడండి చాలు.

పది పదిహేను నిమిషాలకు కింద గాలి మూసేయండి. కట్టెకు గాలి పైనుంచి రావాలి, కింద గాలి బొగ్గు కోసం. పైపు మీద అయస్కాంతంతో అంటుకునే థర్మామీటరు తప్పక పెట్టండి. 120 నుంచి 240 డిగ్రీల మధ్య ఉంచుతూ పైగాలిని సగానికి, నెమ్మదిగా, రెండు మూడు విడతల్లో తగ్గించాలి. మంట ఊగిసలాట తగ్గి నిదానంగా కదిలితే సరైన చోటు దొరికినట్టు. మంట ఆరి, కణకణలాడే నిప్పులు మిగిలినప్పుడే మళ్లీ కట్టె వేయాలి. ఒకసారికి కిలోలోపు, ఒకటో రెండో ముక్కలు, ముప్పావుగంటకోసారి. తలుపును మొదట సన్నగా తెరిచి ఐదారు సెకన్లు ఆగి ఆ తర్వాత పూర్తిగా తీస్తే పొగ గదిలోకి రాదు. కట్టె వేశాక పైగాలి మూడు నాలుగు నిమిషాలు పూర్తిగా తెరిచి ఉంచాలి. రాత్రికి నింపేసి గాలి మూసి పడుకోవడం ఈ ప్రాంతాల్లో చేయకూడని పని.

ఇంత చేసినా మొదటి పది నిమిషాలు పలచటి పొగ కనిపిస్తుంది. ఆ తర్వాత చిమ్నీ పైన వేడి గాలి అల్లల్లాడడం తప్ప ఏమీ కనబడకూడదు. గాలి కదలని, మంచు కమ్మిన రాత్రుళ్లలో రాజేయకపోవడమే మేలు, ఆ పొగ పక్కింటి కిటికీ దగ్గరే నిలుస్తుంది. కంటికి పొగ లేదంటే కణాలు లేవని కాదు. ఎంత మంచి కట్టెల స్టవ్ అయినా గ్యాస్ బాయిలర్ కంటే ఎక్కువ సన్నకణాలు వదులుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ స్టవ్ నేను సిఫారసు చేయను.

వాడేకొద్దీ అరిగేవి కొన్ని ఉన్నాయి. తలుపు చుట్టూ ఉండే తాడు గట్టిపడి అణిగిపోతుంది. తలుపు మధ్యలో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే తాడు మార్చాలి. పాత జిగురంతా గీకి, అదే మందం తాడు, స్టవ్ జిగురుతో, సాగదీయకుండా పెట్టి రాత్రంతా తలుపు మూసి ఉంచాలి. తాడు వదులైతే గాలి మీట మాట వినదు, కట్టె త్వరగా అయిపోతుంది. లోపలి వర్మిక్యులైట్ పలకలు (వేడిని తట్టుకునే తేలికైన పలకలు) బీటలిస్తాయి, అది పర్వాలేదు. ముక్కలు రాలి వెనక ఇనుము కనిపిస్తేనే మార్చండి. కట్టెను విసిరితే అవి పగులుతాయి, పెట్టాలి.

నల్లటి గాజు ఒక మూలే అయితే తాడు, మొత్తం అయితే పచ్చి కట్టె లేదా తక్కువ వేడి. తడి కాగితాన్ని బూడిదలో అద్ది రుద్దితే పోతుంది. పైన ఉండే బాఫిల్ పలక మీద పేరుకునే మసిని చాలామంది పట్టించుకోరు. అది నిండితే పొగదారి మూసుకుపోయి పొగ, దానితో కార్బన్ మోనాక్సైడ్, గదిలోకి వస్తాయి. స్టవ్ చల్లారాక నెలకోసారి బాఫిల్ దించి దులపండి. చిమ్నీ కనీసం ఏడాదికోసారి, రోజూ కాల్చేవాళ్లు చలికాలం మధ్యలో ఇంకోసారి, ఊడ్పించి సర్టిఫికెట్ దాచుకోండి, ఇన్సూరెన్సువాళ్లు అడుగుతారు. చిమ్నీ మీది టోపీ (కౌల్) పక్షుల జాలీ ఉన్నదైతే ఆ జాలీ కన్నాలు మసితో పూడాయేమో చూడమని చిమ్నీ ఊడ్చేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. బూడిద తీస్తే మూత ఉన్న ఇనుప బకెట్‌లోకే, అదీ ఆరుబయట రాతి మీద: లోపలి నిప్పు మర్నాటిదాకా చావదు.