నారు పోయాలా, నేరుగా గింజ వేయాలా, నర్సరీలో కొనాలా: వేసవి కూరగాయలకు ఏది మేలు?

వేసవి కూరగాయలకు అసలు అదను సంక్రాంతికీ శివరాత్రికీ మధ్యనున్న వారాలే. అప్పుడు పడిన గింజకు వెనక చలి, ముందు ఎండ. రాత్రి చలి తగ్గకముందే వేస్తే బెండ, కాకర గింజలు మట్టిలోనే మెత్తబడిపోతాయి. ఆలస్యం చేస్తే ఇంకో చిక్కు. టమాటకు పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే పూత నిలవదు. బీర, సొర, కాకర తీగలకు వేడీ, పగటి పొడవూ పెరిగేకొద్దీ మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. కాబట్టి గింజ ఎలా మొదలుపెట్టాలన్నది రెండు విషయాలు చూసుకుని తేల్చుకోవాలి: ఆ మొక్క వేరు కదిలిస్తే ఓర్చుకుంటుందా, ఎండ ముదిరేలోపు మన చేతిలో ఎన్ని రోజులున్నాయి.

ఉన్న దారులు నాలుగు. పాదులో నేరుగా గింజ వేయడం, నేల మీద నారుమడి, కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రే (చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రే), నర్సరీ నుంచి తెచ్చిన నారు. అన్ని పంటలకూ ప్రోట్రేనే మేలని ఈమధ్య గట్టిగా ప్రచారం జరుగుతోంది. ఆ మాట సగం పంటలకే నిజం.

బెండ, ఆకుకూరలు

వీటికి నేరుగా గింజ వేయడమే మేలు. బెండకు తల్లివేరు సూటిగా కిందికి దిగుతుంది. ట్రే గుంటలో అడుగు తగిలి వంకర తిరిగితే మొక్క తర్వాత గాలికి ఒరుగుతుంది, నీటి ఎద్దడికి తొందరగా వాడుతుంది. గింజలను రాత్రంతా నానబెట్టి, ఉదయం గుడ్డ మీద తడి ఆర్చి, రెండు సెంటీమీటర్ల లోతున చోటుకు రెండు చొప్పున వేయాలి. ఫిబ్రవరిలో నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొలుస్తాయి. ఆదిలాబాద్ వైపు జనవరి చలిలో వేస్తే రెండింతల రోజులు పడుతుంది, సగం గింజలు మొలవవు కూడా. అక్కడ ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగడమే మంచిది. వరుసల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 చాలు. 12 అంగుళాల కుండీ అయితే రెండు మొక్కలు, అంతకు మించి వద్దు. వేసవిలో తెల్లదోమ వల్ల ఆకు ఈనెలు పసుపు తిరిగే శంఖు రోగం బెండకు పెద్ద శత్రువు. అందుకే అర్క అనామిక, పర్భని క్రాంతి లాంటి తట్టుకునే రకాలు ఎంచుకోవాలి.

తోటకూర, పాలకూర, మెంతికూరకు నారు పోసే పనే లేదు. తోటకూర గింజ మరీ సన్నం కాబట్టి పది రెట్లు పొడి ఇసుకలో కలిపి చల్లండి, లేకపోతే ఒకచోట గుంపుగా, ఇంకోచోట బోడిగా వస్తుంది. చీమలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ బూడిద గీత పోస్తే చాలు.

తీగజాతి: పాదా, కాగితం కప్పా?

నేల ఖాళీగా ఉన్నవాళ్ళకు పాదే మేలు. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉండే గుంత తీసి, పైమట్టిలో ఐదు కిలోల చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. వారం ఆగి పాదుకు మూడు నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచి మిగతావి కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. కాకర గింజ పెంకు మందం. ఒక రోజు నానబెట్టి, మొన దగ్గర పెంకు కొంచెం చిట్లిస్తే త్వరగా మొలుస్తుంది. సొరపాదుల మధ్య కనీసం రెండు మీటర్లు, కాకరకు మీటరున్నర వదలాలి.

పాదుకున్న లోటు మొదటి పది రోజుల్లోనే తెలుస్తుంది. గుమ్మడి పెంకు పురుగు, ఎర్రగా మెరిసే చిన్న పురుగు, రెండాకుల మొలకను రాత్రికి రాత్రే జల్లెడ చేస్తుంది. ఉడతలు, కోళ్ళు గింజనే తవ్వుకుపోతాయి. పొద్దున మంచు తడి ఉండగా ఆకుల మీద కట్టెల బూడిద పలచగా దులిపితే పురుగు కొంత వెనక్కి తగ్గుతుంది. దోసజాతి మొక్కల మీద గంధకం పొడి మాత్రం చల్లకూడదు, ఆకులు మాడిపోతాయి.

మిద్దె తోటల సంగతి వేరు. జనవరి చివర కుండీల్లో ఇంకా క్యాబేజీ, చిక్కుడు ఉంటాయి, తీసేయడానికి చేతులు రావు. అలాంటిచోట అడుగున చిల్లు పెట్టిన కాగితం టీ కప్పులు నిజంగా పనికొస్తాయి. కప్పులో మట్టి, వర్మికంపోస్టు సమపాళ్ళలో నింపి ఒక్కో గింజ వేస్తే, కుండీ ఖాళీ అయ్యేలోపు రెండు వారాల కాలం కలిసొస్తుంది. కానీ గడువు గట్టిగా పాటించాలి. మొలిచాక 12 నుంచి 15 రోజులు, అంటే మొలక ఆకుల తర్వాత వచ్చే రెండు అసలు ఆకులు విచ్చుకునే సమయానికి నాటెయ్యాలి. తీగమొక్కలకు తెగిన వేరు మళ్ళీ పుట్టడం కష్టం. కప్పును నిలువుగా చీల్చి, మట్టిముద్ద చెదరకుండా దించాలి. మూడు వారాలు దాటి వేళ్ళు కప్పు అడుగున చుట్టుకున్న తీగ కంటే, అదే రోజు పాదులో వేసిన కొత్త గింజే తొందరగా పాకుతుంది. 98 గుంటల ప్రోట్రే మాత్రం ఇంట్లో తీగజాతికి వద్దు. ఆ గుంటలో పట్టేది 20, 25 మిల్లీలీటర్ల పొట్టు. సొర మొలకకు అది వారానికే ఇరుకవుతుంది.

టమాట, వంగ, మిరప: నారుమడా, ప్రోట్రేనా?

ఈ మూడూ వేరు కదిలించినా ఓర్చుకునే మొక్కలు. అందుకే తరతరాలుగా నారుమడి నడిచింది. మడికి మీటరు వెడల్పు, నేల మట్టానికి 15 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నల్లరేగడి అయితే ఇసుక కలపాలి, లేదంటే పైన పెచ్చు కట్టి మొలక లేవదు. చదరపు మీటరుకు నాలుగైదు కిలోల బాగా చివికిన ఎరువు వేయాలి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు చేరుతుంది, మొలక మాడుతుంది. వేలెడు దూరంలో గీతలు గీసి, అర సెంటీమీటరు లోతున పలచగా గింజ వేసి, పైన చివికిన ఎరువు పొడి కప్పి, వరిగడ్డి పరవాలి. మొలకలు కనిపించిన రోజు సాయంత్రమే గడ్డి తీసేయాలి. ఇంకో రోజు ఉంచితే నారు తెల్లగా, తీగలా సాగుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒత్తుగా పోయడం. ఒక గ్రాము టమాట గింజల్లో సుమారు 300 గింజలుంటాయి. ఇంటికి కావలసినవి పది మొక్కలు. ప్యాకెట్ మొత్తం జానెడు మడిలో కుమ్మరిస్తే, గాలాడక, రోజూ రెండుపూటలా పోసిన నీళ్ళతో నారుకుళ్ళు పట్టుకుంటుంది. మట్టిని ఆనుకున్న చోట కాడ నీరు పట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి, మొక్క పక్కకు వాలిపోతుంది. మొదట ఒక మూల అరచేయంత మేర కనిపించి, రెండు రోజుల్లో మడంతా పాకుతుంది. వాలినవి బతకవు. మిగిలినవాటిని కాపాడాలంటే నీళ్ళు తగ్గించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మడి తడిసేలా పోయాలి. ముందే ఎరువులో ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలిపి, గీతకు జానెడులో పదికి మించకుండా గింజలేసి, పొద్దున పూటే నీళ్ళు పెడితే చాలావరకు ఈ బెడద రాదు.

ప్రోట్రేలో ఈ కుళ్ళు తక్కువ. గుంటకో గింజ, అడుగున చిల్లు, మట్టి తగలని పొట్టు, కాబట్టి ఒకటి కుళ్ళినా పక్కదానికి పాకడం అరుదు. అయితే ప్రోట్రేకు దానివే అయిన తిప్పలున్నాయి.

మొదటిది ఉప్పు. కడగని కొబ్బరి పొట్టులో లవణాలు ఎక్కువ. ఆకు అంచులు మాడి, మొక్క ఎదగకుండా గిడసబారితే చాలామంది ఎరువు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, అది ఇంకా చెరుపు. 650 గ్రాముల పొట్టు ఇటుకను నానబెడితే ఎనిమిది లీటర్ల దాకా ఉబ్బుతుంది, 98 గుంటల ట్రేలు మూడు నిండుతాయి. వాడేముందు రెండు మూడు సార్లు మంచినీళ్ళు మార్చి వడకట్టాలి. పిడికిట బిగిస్తే వేళ్ళ సందుల్లో తడి మెరవాలి, నీళ్ళు కారకూడదు. దానికి మూడో వంతు జల్లించిన వర్మికంపోస్టు కలపండి. జల్లించకపోతే గుంటలో ముద్ద కట్టి గట్టిపడుతుంది.

రెండోది ఆకలి. పొట్టులో పోషకాలు లేనట్టే లెక్క. వర్మికంపోస్టు ఉన్నా 12వ రోజుకల్లా నారు లేత పసుపుకు తిరుగుతుంది. అప్పుడొకసారి, 20వ రోజున మరోసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకు 2, 3 గ్రాములు కలిపి పోయాలి. అంతకు ముందు పోస్తే కాడ మెత్తగా సాగుతుంది.

మూడోది దాహం. ఆ చిన్న గుంట మార్చి ఎండలో మధ్యాహ్నానికే ఎండిపోతుంది. ఒక్కసారి పూర్తిగా ఎండిన కొబ్బరి పొట్టు నీళ్ళను వెంటనే పీల్చదు, పైన పోసింది పక్కలనుంచి జారిపోతుంది. ట్రేను పళ్ళెంలో పెట్టి అడుగునుంచి అరగంట తడవనివ్వాలి. రోజంతా ఇంట్లో ఉండని వాళ్ళకు నారుమడే నయం. ఒక పూట నీళ్ళు మరిచినా మట్టి ఓర్చుకుంటుంది.

మొలకకు టమాట ఐదు నుంచి ఎనిమిది రోజులు, వంగ ఏడు నుంచి పది, మిరప ఎనిమిది నుంచి పన్నెండు రోజులు తీసుకుంటాయి. అంతవరకు ట్రే మీద తడి గోనె కప్పి, మొలక తల కనిపించగానే తీసి నేరుగా ఎండలో పెట్టాలి. ఫిబ్రవరి ఎండకు షేడ్‌నెట్ అక్కర్లేదు. బాల్కనీ నీడలో పెట్టిన నారే బక్కగా సాగి విరిగేది. మడైనా ట్రే అయినా తెల్లదోమ రాకుండా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) నైలాన్ నెట్ కప్పడం మాత్రం తప్పనిసరి. టమాటకు ఆకుముడత వైరస్‌ను తెచ్చేది అదే. నారు దశలో అంటుకుంటే ఆ మొక్క నుంచి కాయ ఆశించలేం.

ఇక అసలు తేడా నాటిన తర్వాత. మడి నుంచి పీకిన నారుకు వేళ్ళు తెగి, తేరుకోవడానికి వారం పడుతుంది. ట్రే నారు ముద్దతో సహా దిగుతుంది కాబట్టి ఆగకుండా పెరుగుతుంది. జనవరిలో ఆ వారం లెక్కలోది కాదు. ఫిబ్రవరి చివర టమాటకు ఆ వారమే పంటను నిర్ణయిస్తుంది. అందుకే టమాటకు ప్రోట్రే, వంగకు రెండింటిలో ఏదైనా సరే. మిరపకు 35 నుంచి 40 రోజుల నారు కావాలి. అన్నాళ్ళు 98 గుంటల ట్రేలో ఉంచితే వేళ్ళు చుట్టుకుంటాయి, 50 గుంటల ట్రే లేదా మడి తీసుకోండి.

నర్సరీ నారు ఎప్పుడు?

టమాట లెక్క చూడండి. ఫిబ్రవరి 10న గింజ వేస్తే 25 రోజుల నారు మార్చి మొదటి వారంలో నాటుతాం, పూత ఏప్రిల్ రెండో వారానికి. అప్పటికి తెలంగాణ, కోస్తా, రాయలసీమ మైదానాల్లో పూత నిలవడం కష్టం. అదే రోజు 25 రోజుల నారు కొని నాటితే మార్చి నడుమ పూస్తుంది. కాబట్టి జనవరి దాటాక టమాటకు మాత్రం కొనడమే మేలు. మదనపల్లె లాంటి ఎత్తు ప్రాంతాలకు ఈ గడువు వర్తించదు, అక్కడ చల్లదనం వల్ల వేసవిలోనూ టమాట కాస్తుంది. వంగ, మిరపకు ఫిబ్రవరిలో గింజ వేసినా కాలం మించిపోదు, వాటిని కొనాల్సిన అవసరం లేదు.

కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. జానెడు కంటే పొడుగ్గా, మెత్తగా ఉన్న నారు నీడలో కిక్కిరిసి పెరిగిందని అర్థం. నాలుగైదు ఆకులు, గట్టి కాడ, పూమొగ్గ లేకపోవడం మంచి గుర్తులు. ఒక మొక్కను గుంటనుంచి తీయించి చూడండి: వేళ్ళు తెల్లగా ముద్దను పట్టుకుని ఉండాలి, గోధుమ రంగులో చుట్టలు చుట్టుకుని ఉండకూడదు. ఆకు తిప్పి తెల్లదోమ ఉందేమో చూడాలి. వైరస్ సోకిన నారు రెండు మూడు వారాల దాకా బయటపడదు, కాబట్టి నెట్ లేని నర్సరీలో ఎంత పచ్చగా కనిపించినా వదిలేయడమే మంచిది. రకం పేరు అడగండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) ఇచ్చిన అర్క రక్షక్ లాంటి ఆకుముడతను తట్టుకునే హైబ్రిడ్ దొరికితే వేసవికి అదే తీసుకోవాలి.

తెచ్చిన నారును అదే రోజు నాటకుండా రెండు రోజులు సగం ఎండలో అలవాటు పడనివ్వండి. ఇంట్లో పెంచినదైతే నాటడానికి నాలుగు రోజుల ముందు నీళ్ళు తగ్గించాలి. నాటే పూట సాయంత్రం నాలుగు దాటాకే. ముందు కుండీని తడిపి, నారును దించి, మళ్ళీ తడపాలి. టమాటను మొదటి ఆకుల దాకా లోతుగా నాటొచ్చు, కాడనుంచి కూడా వేళ్ళు వేస్తుంది. వంగ, మిరపను మాత్రం నారుమడిలో ఉన్నంత లోతుకే నాటండి.