బాత్‌రూం మరమ్మతుకు రాతపూర్వక ఎస్టిమేట్: ఒక కాంట్రాక్టర్ సేవపై సమీక్ష

హైదరాబాద్‌లోని పాత అపార్ట్‌మెంట్లలో బాత్‌రూం పనికి పిలిస్తే, మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఒకసారి చుట్టూ చూసి, మొత్తం ఇంత అవుతుందని నోటిమాటగా చెప్పేయడమే రివాజు. మేము పని అప్పగించిన కాంట్రాక్టర్ మాత్రం టేపుతో కొలతలు తీసుకుని రెండు పేజీల ఎస్టిమేట్ పంపించారు. పనితనం బాగానే ఉంది గానీ, చెప్పుకోదగినది ఆ కాగితమే.

ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు గల గదికి నేల 40 చదరపు అడుగులని, ఏడడుగుల ఎత్తు వరకు గోడలు 182 అని, అందులో రెండున్నర అడుగుల వెడల్పున్న తలుపు భాగం 17.5 తీసివేస్తే 164.5 మిగులుతుందని విడివిడిగా రాశారు. ఇదే గోడలకు మరొకరి కొటేషన్‌లో 200 చదరపు అడుగులు ఉండటానికి కారణం అడిగితే, "రౌండ్ ఫిగర్ వేశామండీ" అన్న జవాబు వచ్చింది! ఈయన టైల్స్ వృథాకు పది శాతం వేరే వరుసలో చూపారు, అది సమంజసమే. గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, లైట్లకు 1.5, వేడినీళ్ల లైనుకు సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపు అని స్పష్టంగా పేర్కొనడం వల్ల, సామాను దిగినప్పుడు సరిచూసుకోవడం సులువైంది.

అన్నింటికన్నా తక్కువ మొత్తం చూపిన కొటేషన్‌లో పాత టైల్స్ పగలగొట్టడం, ఆ మలబాను (పగిలిన ముక్కల చెత్తను) కిందికి దించి తరలించడం, వాటర్‌ప్రూఫింగ్ అసలు లేవు. వాటిని కలిపి చూస్తే చౌక అన్నది మాటవరసకే మిగిలింది. ఈయన "ఇందులో చేరనివి" అన్న శీర్షిక కింద శానిటరీ సామాను, ఎగ్జాస్ట్ ఫ్యాను, కింది ఫ్లాటు సీలింగ్ మరమ్మతు తనంతట తానే రాశారు. పగలగొట్టాక పాత నీళ్ల పైపు తుప్పుపట్టి కనిపించినప్పుడు కూడా, అదనపు ఖర్చు ఎంతో కాగితం మీద పెట్టి, మా సంతకం తీసుకున్నాకే చేయి వేశారు.

లోపాలు లేకపోలేదు. జీఎస్టీ ఊసే ఎస్టిమేట్‌లో లేదు. అడిగితే 18 శాతం అదనమన్నారు, అంతటి మొత్తాన్ని అడిగేదాకా చెప్పకపోవడం సరికాదు. సగం అడ్వాన్సు కోరగా, పని దశలను బట్టి డబ్బు ఇచ్చేలా, వాటర్‌ప్రూఫింగ్ తరువాత 48 గంటలు నీళ్లు నిలిపి కింది ఇంటి సీలింగ్ చూశాకే చివరి పది శాతం చెల్లించేలా మార్పించాము. పేచీ పెట్టకుండా ఒప్పుకున్నారు. గడువు దగ్గర మాత్రం "సుమారు" అన్న మాట ఉంచేశారు, పని కూడా ఆ మాటకు తగ్గట్టే సాగింది. ఈయనను పిలిచేవారు పూర్తిచేసే తేదీ, పన్ను రెండూ కాగితం మీదికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.