పైలట్ల రిటైర్మెంట్: 65 చాలా, 67 మేలా, అసలు పరిమితే వద్దా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగుల పదవీ విరమణ వయసును 2014లో 58 నుంచి 60కి పెంచింది, 2022లో 62 చేసింది. పెంచిన ప్రతిసారీ విశాఖలో ఒకే వాదన. సర్వీసులో ఉన్నవాళ్లు సంతోషించారు, గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలు మండిపడ్డారు. పెద్దలు లేస్తేనే కదా మాకు కుర్చీ దొరికేది అన్నది పిల్లల బాధ. విమాన పైలట్ల వయోపరిమితిని 65 నుంచి 67కి పెంచాలా వద్దా అన్న చర్చలోనూ ఇప్పుడు ఇదే మాట వినిపిస్తోంది. ఆఫీసు కుర్చీకి సరిపోయే ఈ మాట కాక్‌పిట్‌కి అంతగా సరిపోదని నా అభిప్రాయం. ఎందుకన్నది చెప్పేముందు మన ముందున్న దారులేమిటో చూద్దాం.

మొదటిది, 65 దగ్గరే ఆగడం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, 2006 నవంబరులో 60గా ఉన్న పరిమితిని 65 చేసింది. ఇద్దరు పైలట్లలో ఒకరు 60 దాటి ఉంటే రెండోవారు 60 లోపు ఉండాలన్న షరతు అప్పట్లో ఉండేది, 2014లో దాన్నీ తీసేసింది. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గీత కూడా 65 దగ్గరే ఉంది. ఇది లైసెన్సుకు సంబంధించిన గీత. కంపెనీ రిటైర్మెంట్ వయసు వేరే లెక్క. ఎయిర్ ఇండియా 2025 ఆగస్టులో తన పైలట్ల రిటైర్మెంట్‌ను 58 నుంచి 65కి పెంచిందంటే, కంపెనీ గీతను లైసెన్సు గీత దాకా జరిపిందన్నమాట. వార్తల్లో ఈ రెంటినీ కలిపేసి గందరగోళం చేస్తుంటారు.

రెండోది, షరతులతో 67. విమానయాన కంపెనీల సంఘం ఐయాటా 2025లో మాంట్రియల్‌లో జరిగిన ఐకావో మహాసభ ముందు ఈ ప్రతిపాదన పెట్టింది. ఒకరు 65 దాటితే పక్కనున్నవారు 65 లోపు ఉండాలన్నది షరతు. సభ ఒప్పుకోలేదు. అమెరికాలో 2023లో ప్రతినిధుల సభ 67కి సరేనంది గానీ, 2024లో చట్టం బయటికొచ్చేసరికి అందులో ఆ మాట లేదు. జపాన్ మాత్రం 2015 నుంచే 67 ఏళ్లవాళ్లను కూడా ఎగరనిస్తోంది.

మూడోది, చట్టంలో వయోపరిమితే లేకపోవడం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాల్లో దేశంలోపల ఎగిరేవాళ్లకు ఇలాగే ఉంది. ఒంట్లో సత్తువ ఉండి, పరీక్షలు పాసైతే చాలు. సరిహద్దు దాటి వేరే దేశానికి వెళ్లాలంటే మాత్రం వాళ్లకూ 65 అడ్డొస్తుంది.

ఈ మూడో దారి విశాఖవాళ్లకు కొత్తేమీ కాదు. మర్చంట్ నేవీలో పనిచేసేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. నావికుల అంతర్జాతీయ ఒప్పందంలో గరిష్ఠ వయసంటూ లేదు. రెండేళ్లకోసారి మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఓడ కెప్టెన్ 65 దాటినా ఎక్కొచ్చు, కంపెనీ పిలవడమే తరువాయి. మరి నీటి మీద చెల్లే పద్ధతి గాలిలో ఎందుకు చెల్లదు? నడిసముద్రంలో కెప్టెన్‌కి ఒంట్లో బాగోలేకపోతే చీఫ్ ఆఫీసర్ వచ్చి బాధ్యత తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది. ల్యాండింగ్‌కు ముందు రెండు వందల అడుగుల ఎత్తులో ఆ వ్యవధి సెకన్లలోకి వచ్చేస్తుంది. అందుకే మూడో దారి న్యాయంగా కనిపించినా నేను దాన్ని ముందే పక్కన పెట్టేస్తున్నాను. ఒక్కొక్కరినీ విడివిడిగా కొలిచి, ఫలానా మనిషికి ఇంక చాలు అని తేల్చి చెప్పగల పరీక్ష వైద్యుల దగ్గర ఇంకా లేదు.

అలాగని 65 అనే అంకె ఏదో పవిత్రమైనదని కాదు. దానికి ముందున్న 60 కథ వింటే నవ్వొస్తుంది. 1959లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అధిపతి క్వెసాడాకు ఉత్తరం రాశారు. ఆ కంపెనీలో ముసలి పైలట్లతో యూనియన్ తగాదా నడుస్తున్న రోజులవి. 1960లో అరవై ఏళ్ల నియమం అమల్లోకి వచ్చింది. పదవి దిగాక క్వెసాడా అదే కంపెనీ డైరెక్టర్ల బోర్డులో చేరారు. అంటే అంకెలు పుట్టేది డాక్టర్ల గదిలోనే కాదు, మేనేజ్‌మెంట్ గదిలో కూడా. 67 అంటున్నది కూడా కంపెనీల సంఘమే కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇక ఆరోగ్యం. విమాన వైద్యంలో ‘ఒక శాతం నియమం’ అని ఒకటుంది. ఒక పైలట్ ఏడాది మొత్తంలో హఠాత్తుగా కుప్పకూలే అవకాశం నూటికి ఒకటి మించకూడదు. నూటికి ఒకటంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా, లెక్క ఇలా సాగుతుంది. ఏడాదిలో దాదాపు పదివేల గంటలు. కాబట్టి ఒక గంటలో కుప్పకూలే అవకాశం పది లక్షల్లో ఒకటి. గంట ప్రయాణంలో నిజంగా ప్రమాదకరమైన సమయం, అంటే టేకాఫ్, ల్యాండింగ్ కలిపి, పదో వంతు. పక్కనున్న పైలట్ సమయానికి అందుకోలేకపోవడం నూటికి ఒకసారి. అన్నీ కలిపితే వందకోట్లలో ఒకటికి చేరుతుంది. ఇద్దరు పైలట్లు ఉన్నందుకే ఈ లెక్క నిలబడుతోంది. 2009లో బ్రస్సెల్స్ నుంచి నెవార్క్ వెళ్తున్న కాంటినెంటల్ విమానంలో 60 ఏళ్ల కెప్టెన్, 2024లో సియాటిల్ నుంచి ఇస్తాంబుల్ వెళ్తున్న టర్కిష్ విమానంలో 59 ఏళ్ల కెప్టెన్ గాల్లోనే చనిపోయారు. రెండుసార్లూ మిగతా పైలట్లు విమానాన్ని క్షేమంగా దించారు.

వయసే కారణమనడానికి ఈ ఉదాహరణలు చాలవు. 2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో విమానం ఎక్కబోతూ కుప్పకూలి మరణించిన కెప్టెన్ వయసు 40. కానీ మనవాళ్ల గుండె విషయంలో ఒక చేదు నిజం ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చిన దక్షిణాసియావాళ్ల సగటు వయసు 53, మిగతా దేశాలవాళ్లది 59 దగ్గర తేలింది. పైలట్లు మామూలు జనం కన్నా ఆరోగ్యవంతులే, 60 దాటాక ఆరు నెలలకోసారి మెడికల్ కూడా ఉంటుంది. అయినా జపాన్‌లో 67 నడుస్తోంది కాబట్టి మనకూ నడుస్తుందనే మాట అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

మెదడు సంగతి కొంచెం వేరు. అమెరికాలో 40 నుంచి 69 ఏళ్ల పైలట్లను మూడేళ్లపాటు సిమ్యులేటర్‌లో పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మొదట్లో పెద్దవాళ్లు వెనకబడ్డారు, కానీ ఏళ్లు గడిచేకొద్దీ వాళ్ల పనితీరు తక్కువగా దిగజారింది. పై స్థాయి శిక్షణ ఉన్నవాళ్లు మరింత నిలబడ్డారు. అనుభవం వయసును కొంతవరకు కాస్తుందన్నమాట. అయితే అందులో పాల్గొన్నది చిన్న విమానాల పైలట్లు, ఎయిర్‌లైన్ కెప్టెన్లు కాదు. 67 అడిగేవాళ్లు ఈ అధ్యయనాన్ని చూపించేటప్పుడు ఆ ముక్క మింగేస్తారు.

67 దారిలో నాకు అన్నిటికన్నా పెద్ద చిక్కుగా కనిపించేది ఇంకొకటి. ఐకావో 65 అంటున్నంత కాలం, మన దేశం ఒక్కటే 67 చేస్తే ఆ కెప్టెన్ విశాఖ నుంచి ఢిల్లీకి వెళ్లొచ్చు, సింగపూర్‌కి వెళ్లలేరు. అంటే 65 దాటినవాళ్లంతా దేశీయ విమానాలకే పరిమితం. వినడానికి ఇంటిపట్టున తేలికైన డ్యూటీలా ఉంటుంది. నిజానికి బరువైన డ్యూటీ అదే. దూరప్రయాణ పైలట్ ఒక డ్యూటీలో ఒకసారి ఎక్కి ఒకసారి దించుతాడు. దేశీయ పైలట్ విశాఖ, హైదరాబాద్, ఇంకో ఊరు, మళ్లీ హైదరాబాద్ అంటూ రోజుకు నాలుగుసార్లు ఎక్కీ దిగీ చేయొచ్చు. తెల్లవారుజామున మూడింటికి లేవాలి, మర్నాడు అర్ధరాత్రి దాకా మేలుకోవాలి. పైన చెప్పిన లెక్కలో ప్రమాదకరమైన పదో వంతు ఇలాంటి చోటే పేరుకుంటుంది. నిద్ర పలచబడే వయసులో మనిషిని సుఖమైన రూట్ నుంచి తీసి కష్టమైన రూట్‌లో వేస్తామన్నమాట. పెద్ద విమానం నడిపినవారికి చిన్న విమానానికి మళ్లీ శిక్షణ ఖర్చు అదనం.

ఇప్పుడు కుర్చీల మాట. గాజువాకలో స్థలం అమ్మో, బ్యాంకు లోన్ తీసుకునో కొడుకునో కూతుర్నో పైలట్ చేయించిన తల్లిదండ్రులకు టెన్షన్ ఉండటం సహజం. కమర్షియల్ లైసెన్సుకు, ఆ తర్వాత ఒక్కో రకం విమానం నడిపే అర్హత అయిన టైప్ రేటింగ్‌కు కలిపి కోటి దగ్గరికి అవుతోంది. ముసలి కెప్టెన్లు ఇంకో రెండేళ్లు కూర్చుంటే మా పిల్లల గతేంటి అంటారు.

కానీ కాక్‌పిట్‌లో కుర్చీలు రెండు, వాటి అవసరాలు వేరు. కుడి సీటు కో-పైలట్‌ది, దానికి 200 గంటల కమర్షియల్ లైసెన్సుతో పోటీ పడొచ్చు. ఒక్క 2023లోనే డీజీసీఏ 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది, అందులో చాలామంది ఉద్యోగానికి క్యూలో నిలబడ్డవాళ్లే. ఎడమ సీటు కెప్టెన్‌ది. దానికి కనీసం 1,500 గంటలు కావాల్సిన పెద్ద లైసెన్సుతో పాటు కంపెనీ పెట్టే పరీక్షలూ దాటాలి. మన దేశంలో కొరత ఉన్నది ఈ ఎడమ సీటుకే. విదేశీ కెప్టెన్లను తాత్కాలిక అనుమతుల మీద తెచ్చుకుంటున్నాం. కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు నోటీసివ్వాలని డీజీసీఏ 2017లోనే నియమం పెట్టింది, కో-పైలట్‌కి ఆరు నెలలే. కెప్టెన్ దొరక్క విమానం కదలకపోతే ఆ విమానంలో కుడి సీటు కూడా ఖాళీయే. అంటే ఇక్కడ ఒక పెద్దాయన ఆగితే ఒక పిల్లవాడికి పని దొరుకుతుంది. సర్కారు ఆఫీసు లెక్కకు ఇది సరిగ్గా తిరగబడి ఉంది. సీనియారిటీ జాబితా గట్టిగా పనిచేసే అమెరికాలో పై ర్యాంకు కోసం ఎదురుచూసే కో-పైలట్ల కోపం వేరే సంగతి.

ఈ వాదన వింటే 67కే ఓటేయాలనిపిస్తుంది. నాకూ అనిపించేదే, ఆ వయసుకు చేరేవాళ్లు ఎందరో ఆలోచించకపోతే. మన ప్రైవేటు విమానయానం నిజంగా పెరిగింది 2003 తర్వాత. ఇండిగో మొదలైందే 2006లో. అప్పుడు పాతికేళ్లకు చేరిన కుర్రాడికి ఇప్పుడు నలభై అయిదు. 65కి దగ్గరవుతున్నవాళ్లు ఎక్కువగా పాత సర్కారీ కంపెనీలవాళ్లు, సైన్యం నుంచి వచ్చినవాళ్లు. మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు చెప్పినదాని ప్రకారం రాబోయే 15, 20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలి. అంత పెద్ద అవసరం ముందు ఈ కొద్దిమంది ఇచ్చే తలో రెండేళ్లు ఏ మూలకు? 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి విశాఖ ప్రయాణికులు కూడా అవస్థ పడ్డారు. విశ్రాంతి గంటలు పెంచి, రాత్రి ల్యాండింగులు తగ్గించిన కొత్త నియమాలకు సరిపడా మనుషుల్ని, డ్యూటీ చార్టుల్ని సిద్ధం చేసుకోకపోవడం వల్ల వచ్చిన తంటా అది. 67 ఏళ్ల గీత ఉండి ఉన్నా అది ఆగేది కాదు.

ఇక నా ఓటు. 65నే ఉంచాలి. అయితే ఆ రోజు మాలవేసి ఇంటికి పంపడం మాత్రం తెలివితక్కువ పని. వయసు గీత విమానం నడపడానికే గానీ, సిమ్యులేటర్‌లో నేర్పడానికి కాదు. కో-పైలట్‌ను కెప్టెన్ చేయడంలో, టైప్ రేటింగ్‌లో, ఆరు నెలలకోసారి జరిగే చెకింగుల్లో సగం పని నేల మీద సిమ్యులేటర్‌లోనే జరుగుతుంది. సిమ్యులేటర్లు హైదరాబాద్, గురుగ్రామ్, బెంగళూరుల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆ గదుల్లో ఎగరాల్సిన కెప్టెన్లనే రోస్టర్ నుంచి తప్పించి కూర్చోబెడుతున్నారు. 65 దాటిన ఒక కెప్టెన్ ఆ కుర్చీలోకి వస్తే, ఎగిరే వయసున్న ఇంకో కెప్టెన్ విమానంలోకి వెళ్తాడు. ఎగిరితే ఆయన ఒక్క సీటే నింపుతారు. నేర్పితే ఏడాదిలో ఎంతోమంది ఎడమ సీటుకు చేరతారు. విమానంలో కూర్చుని నేర్పాల్సిన లైన్ ట్రైనింగ్ ఇలా కుదరదు, నిజమే. జీతం కూడా కెప్టెన్ జీతంతో సమానంగా ఉండదు, అక్కడే చాలామంది ఆగిపోతారు. పింఛను లేని ప్రైవేటు ఉద్యోగానికి ఆ తేడా చిన్నది కాదు కాబట్టి కంపెనీలు ఆ జీతం పెంచాలి. విదేశీ కెప్టెన్లకు పోసే డబ్బుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాబోదు.

ఒక్క విషయంలో నా ఓటు మారుతుంది. ఐకావోయే రేపు 67 అంటే మనం 65 దగ్గర ఆగలేం. అరవైలలో ఉన్న మన కెప్టెన్లను గల్ఫ్ కంపెనీలు ఇంకో రెండేళ్లు ఇస్తామని ఎత్తుకుపోతాయి. అలాంటప్పుడు ఏ షరతులతో ఒప్పుకుంటామో డీజీసీఏ ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. 65 దాటినవారికి రాత్రి పన్నెండు నుంచి ఆరు మధ్య ల్యాండింగులు వద్దు, రోజుకు రెండు సెక్టార్లకు, అంటే రెండు ప్రయాణాలకు, మించొద్దు, ఆరు నెలల మెడికల్‌లో గుండె రక్తనాళాల పరీక్ష తప్పనిసరి చేయాలి, పక్క సీట్లో 65 లోపు కెప్టెన్ అర్హత ఉన్నవారు ఉండాలి. భోగాపురం విమానాశ్రయంతో ఉత్తరాంధ్రకు విమానాలు పెరిగేకొద్దీ, చివరి నిమిషంలో పైలట్ల కొరత సాకుతో ఈ షరతుల్ని సడలించమని అడిగే కంపెనీలు తప్పకుండా వస్తాయి.